తెల్ల తుండు, విడిలెక్క

మంచి పత్తిలో నాసిరకం కలిపితే అది ఎక్కడికీ పోదు. అక్కడే ఉంటుంది, కంటికి ఆనదు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు. మా నాన్న కోయంబత్తూరు మిల్లుల్లో వేస్టు పత్తి కొని అమ్మేవాడు, ఆయన తర్వాత నేను. మూట పైభాగం చూసి ధర చెప్పేవాడు మా వ్యాపారంలో ఎక్కువ రోజులు నిలవడు. పక్కనుంచి చెయ్యి లోపలిదాకా పోనిచ్చి, పిడికెడు లాగి, పీచును వేళ్ల మధ్య సాగదీసి చూడాలి. ఏ మిల్లు దూది ఏ మిల్లు దూదిలో కలిసిందో నేను అలా చెప్పేవాణ్ణి. పెద్ద మిల్లులవాళ్లు కూడా తగవు వచ్చినప్పుడు నన్ను పిలిపించేవారు.

మిల్లులు ఒక్కొక్కటీ మూతపడడంతో వేస్టు పత్తికీ కరువొచ్చింది. అప్పుడు ఊరి పక్కనే తుడియలూరులో, పంపుసెట్ల వర్క్‌షాపుల మధ్య ఒక షెడ్డు తీసుకుని, పసిపిల్లల తుండ్లు చేయించడం మొదలుపెట్టాను. నూలు నేనే ఎంచి కొంటాను. నేత బయట, అద్దకం బయట. కత్తిరించడం, అంచు కుట్టడం, మడతపెట్టడం మా షెడ్డులో. పనికి వచ్చినవాళ్లంతా మూతపడిన మిల్లుల్లో రీలింగు, అంటే నూలు చుట్టే పని, చేసిన ఆడవాళ్లు. వాళ్ల మీద పెత్తనం మా అక్క పొన్నమ్మాళ్‌ది. అక్క బడికి పోయింది తక్కువ. అంచు వంకరగా ఉన్న తుండును మడతలో ఉండగానే చేత్తో తడిమి పక్కన పడేసేది. షెడ్డులో ఆమె మాటకు ఎదురులేదు. నేను కూడా ఎదురు చెప్పను.

ఇక్కడి బజారుకు అమ్ముతూ రెండేళ్లు నడిచాక, తిరుప్పూరు ఏజెంటు రాజేంద్రన్ జర్మనీ ఆర్డరు ఒకటి తెచ్చాడు. తెలుపు, గులాబి, నీలం, మూడు రంగుల్లో తుండ్లు. అది కుదిరితే షెడ్డులో ఆడవాళ్లకు ఏడాది పొడుగునా పని. కుదరకపోతే వాళ్లలో సగంమందిని ఇంటికి పంపించాల్సిందే. ఈ మాట వాళ్లకూ తెలుసు. అందుకే ఆ తుండ్లను వాళ్లు సొంత బిడ్డలకు కుట్టినట్టు కుట్టారు.

జర్మనీలో కొన్ని రంగులను అప్పుడే నిషేధించారు. తిరుప్పూరు టీ కొట్లలో కూడా అదే మాట. అంతవరకూ బయ్యరు బట్ట మెత్తగా ఉందా, ఉతికితే రంగు పోతుందా అని అడిగేవాడు. ఇప్పుడు లేబరేటరీ రిపోర్టు అడుగుతున్నాడు. మా బయ్యరు ఇంకో అడుగు ముందుకేసి, పసిపిల్లలు తుండును నోట్లో పెట్టుకుంటారు కాబట్టి సీసం ఎంతుందో కూడా చూపించమన్నాడు. బట్టలో సీసం ఏమిటని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూడు రంగుల నుంచీ ఒక్కో తుండు తీసి కోయంబత్తూరులో ఒక లేబరేటరీకి పంపాము.

రిపోర్టు వచ్చింది. నిషేధించిన రంగుల వరుసలో ప్రతిదాని ఎదురుగా ‘కనబడలేదు’ అని ఉంది. సీసం దగ్గర అరవై ఆరు. బయ్యరు పెట్టిన హద్దు తొంభై. అంటే పది లక్షల పాళ్ల బట్టలో తొంభై పాళ్లు దాటకూడదు. చివర ‘పాస్’ అని ముద్ర. రాజేంద్రన్ ఆ మధ్యాహ్నమే తిరుప్పూరు నుంచి మోపెడ్ మీద మైసూరుపాకు పొట్లంతో వచ్చాడు.

నేను మైసూరుపాకు తింటూ రిపోర్టు చూశాను. తుండ్లు మూడు, అంకె ఒకటే. ఇదేమిటని అడిగాను. మూడు తుండ్ల నుంచీ సమానంగా ముక్కలు కత్తిరించి, కలిపి, ఒకే పరీక్ష చేస్తారని, ఖర్చు తగ్గుతుందని, బయ్యరు కూడా ఒప్పుకున్న పద్ధతేనని, తిరుప్పూరులో అందరూ అలాగే చేయిస్తారని రాజేంద్రన్ చెప్పాడు.

నాకు మైసూరుపాకు రుచి పోయింది. మూడు మూటల దూది కలిపి పిడికెడు చూపించి, ఇదే నా సరుకు అన్నవాడికి నేను ఎన్నడూ ధర కట్టలేదు. ఒక్కోదాంట్లో అరవై ఆరు ఉండొచ్చు. లేదా రెండింట్లో ఏమీ లేకుండా ఒక్కదాంట్లోనే మూడింతలు ఉండొచ్చు. రెండు లెక్కలకూ కాగితం మీద పడే అంకె ఒకటే.

“విడివిడిగా మళ్లీ చేయిద్దాం,” అన్నాను.

రాజేంద్రన్ నన్ను జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. “పాసైనాక మళ్లా పరీక్ష రాస్తాననే మనిషిని ఇప్పుడే చూస్తుండాను నాయుడూ. సుమ్మా ఉండు, గమ్మునుండు. బయ్యరే సరి అనినాక నీకేంటికి?”

“బిడ్డ మూడు తుండ్లూ కలిపి నోట్లో పెట్టుకోదు రాజేంద్రా. ఒకటే పెట్టుకుంటాది.”

అతను మైసూరుపాకు పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా మీద కోపం వచ్చినప్పుడల్లా తెచ్చింది తిరిగి తీసుకుపోవడం అతని అలవాటు.

మర్నాడు నేనే లేబరేటరీకి వెళ్లాను. రిపోర్టు మీద సంతకం చేసిన కెమిస్టు ఒక అమ్మాయి, పేరు తంగం. మెడలో చిన్న శిలువ, ముక్కు మీద కళ్లద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు. ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. ‘కనబడలేదు’ అంటే అసలు లేదనా అని అడిగాను. కాదంది. వాళ్ల యంత్రం చూడగలిగిన అతి చిన్న అంకె ఒకటి ఉంటుందట. దానికంటే తక్కువుంటే ‘కనబడలేదు’ అని రాసి, ఆ చిన్న అంకె ఎంతో కింద రాస్తారు. అది చదవకుండా పైమాట ఒక్కటే చదివేవాళ్లు ఎక్కువని చెప్పింది. కలిపి చేసిన పరీక్ష అని కూడా అడుగున రాసే ఉంది, చూడండి అని వేలు పెట్టి చూపించింది. ఉంది. చీమంత అక్షరాల్లో ఉంది.

ఈ పిల్ల దాచే మనిషి కాదని నాకు అక్కడే తేలిపోయింది. నా వ్యాపారంలో మనిషికి ధర కట్టడం కూడా భాగమే. నేను రిపోర్టు చూస్తూ, నాలో నేను మన భాషలో గొణుక్కున్నాను. “మూడు అరవై ఆర్లు...”

“నూట తొంభై ఎనిమిది,” అంది తంగం. తెలుగులో.

తలెత్తి చూశాను. ఆమె నవ్వు దాచుకోలేదు. వాళ్లది మదురై. నాన్న మాయాండి అక్కడ మిల్లులో, దూది విడదీసే యంత్రాల కింద ఊడ్చే పని చేసి రిటైరయ్యాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాదు. ఎక్కడినుంచి వచ్చారో ఏ తరంలో వచ్చారో వాళ్లకూ తెలియదు. మాకూ అంతే.

“మా నాయన ఊడ్చిన దూదితోనే నేను చదువుకొన్నా సార్.”

“ఆ దూదే మా నాయన మూటల లెక్కన కొన్నాడు అమ్మణీ. మదురై నుంచి లారీలో వస్తా ఉండె. నేనూ దాంతోనే చదువుకొన్నా. నువ్వే ఎక్కువ చదివినావు.”

ఒకే యంత్రం కింద రాలిన దూది. ఒక ఇంట్లో కెమిస్టు అయింది, ఒక ఇంట్లో వ్యాపారం అయింది. ఏ ఇంట్లో అది ఎక్కువ దూరం పోయిందో నేను ఇక్కడ రాయక్కర్లేదు. ఆ తుండ్లనే విడిగా చేయాలంటే నేను రాసివ్వాలని, ఫలితం ఎలా వచ్చినా అలాగే ఇస్తానని, తర్వాత వద్దంటే వెనక్కి తీసుకోనని తంగం ముందే చెప్పింది. రాసిచ్చాను.

ఫలితం వచ్చేదాకా మా షెడ్డులో అందరి అనుమానమూ గులాబి రంగు మీదే. అద్దకం చేసే కుళందైసామికి ఈ మాట చేరింది. మూడు తరాలుగా రంగు తొట్టిలో చేతులు పెట్టిన ఇల్లు వాళ్లది. అతను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, తన రంగు డబ్బాలు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని, తన గులాబిలో సీసం తేలితే తొట్లు బోర్లించి ఊరు వదిలిపోతానని చెప్పి వెళ్లిపోయాడు. అక్క మజ్జిగ ఇస్తే తీసుకోలేదు.

రెండో రిపోర్టులో గులాబి ఎదురుగా ‘కనబడలేదు’. నీలం ఎదురుగా ‘కనబడలేదు’. తెలుపు ఎదురుగా నూట తొంభై ఎనిమిది, ఫెయిల్.

రంగు వేసినవి రెండూ శుభ్రంగా ఉన్నాయి. రంగే వేయని తుండు హద్దుకు రెండింతలు దాటింది. నేను మళ్లీ లేబరేటరీకి పోయి, పరీక్షకు కత్తిరించగా మిగిలిన తెల్ల తుండు చూపించమన్నాను. మిగిలిన ముక్కలను వాళ్లు కొంతకాలం దాచి ఉంచుతారు. తంగం కవరు విప్పి తీసింది. ఒక మూల సగం కత్తిరించి ఉంది. మిగిలిన సగంలో, అంచు కుట్టుకు ఆనుకుని, పసుపుపచ్చ మచ్చ. బొటనవేలంత.

“అంచుకు వేసిన గురుతేమో అనుకొంటిమి,” అంది తంగం. “మేము కడగం, ఏరం సార్. వచ్చింది వచ్చినట్టే చేస్తాం. రిపోర్టు మీ షెడ్డును గురించి కాదు, మా బల్లమీదికి వచ్చిన ఈ తుండును గురించి.”

నాకు ఆ మచ్చ ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది. పుట్టినప్పటినుంచీ నా ప్రతి కొత్త చొక్కా మూలన చూసిన మచ్చ అది.

మా వాళ్లలో కొత్త బట్టకు పసుపు పెట్టకుండా కట్టుకోరు. రంగు బట్టకు మరిచిపోయినా ఎవరూ పట్టించుకోరు. తెల్ల బట్టకు మాత్రం మరిచిపోరు. పసుపు అంటని తెల్ల బట్ట చావింటికి పోయే బట్ట. అది పసిబిడ్డ ఒంటిమీద పడకూడదు. అక్క ప్రతి లాటులోనూ మొదటి తెల్ల తుండుకు, తడి పసుపు బొటనవేలితో అద్ది, ఆ తర్వాతే మడతపెట్టనిచ్చేది. పరీక్షకు తుండ్లు తీసి పంపింది కూడా అక్కే. మొదటివే తీసి పంపింది. మంచిది పోవాలి కదా అని.

ఇంటికి వచ్చి చెప్పాను. అక్క, పసుపు విషమని ఏ పుస్తకంలో రాసుందని అడిగింది. పసుపు కాదు, పసుపులో ఏదో కలిసిందన్నాను. ఆ పసుపు ఎక్కడిదని అడిగితే డబ్బా తెచ్చి చూపించింది. బజారులో విడిగా కొన్న పొడి. మునుపు ఈరోడు కొమ్ములు తెప్పించి ఇంట్లోనే దంచేవాళ్లు. షెడ్డు పని పెరిగాక దంచే తీరిక లేక పొడి కొంటున్నారు. దంచినదానికంటే ఇది మెరిసేది. మంచిది కాబట్టే మెరుస్తోందనుకున్నారు.

ఆ డబ్బా, అటకమీద మిగిలిపోయిన పాత కొమ్ములు నాలుగు, పసుపు తగలని తెల్ల తుండు ఒకటి తంగానికి ఇచ్చాను. పొడిలో సీసం అంకె చూసి, అంత ఉంటుందని నమ్మలేక, తంగం రెండోసారి యంత్రం నడిపిందట. మెరుపు కోసం కలిపే పసుపుపచ్చ రంగు అది, సీసంతో చేసింది. కొమ్ముల్లో కనబడలేదు. తుండులో కనబడలేదు. అక్క ఆ డబ్బాను, వంటింట్లోని రెండో డబ్బాను కూడా తెచ్చి, మూతలు బిగించి నా ముందు పెట్టింది. వాటిని ఎక్కడా పారబోయవద్దని, లేబరేటరీలోనే ఇచ్చి రమ్మని చెప్పింది.

రాజేంద్రన్‌కు కబురు పెడితే పరుగున వచ్చాడు. అతని లెక్క సూటిగా ఉంది. మొదటి రిపోర్టు పాస్. చివరి రిపోర్టు పాస్. మధ్యలో ఫెయిలైంది ఒకటి, దాన్ని చించేస్తే సరి. తెల్ల తుండ్లన్నీ వెతికి పసుపు ఉన్నవి తీసేశాక ఇంక అబద్ధం ఎక్కడుంది అన్నాడు. అతను చెప్పినదాంట్లో నిజమూ ఉంది. ఇప్పుడు సరుకు శుభ్రం.

నాకున్న చిక్కు వేరు. ఫెయిలైన కాగితం పంపితే బయ్యరు భయపడి ఆర్డరు రద్దు చేయొచ్చు. షెడ్డులో అప్పటికే మడత ఆపించాను. ఆడవాళ్లు పనిలేకుండా కూర్చుని, దారం ముక్కలు ఏరుతున్నట్టు నటిస్తూ, నా ముఖమే చూస్తున్నారు. పంపకపోతే? మొదటి రిపోర్టులో అరవై ఆరు అని ఉంది, చివరిదాంట్లో కనబడలేదని ఉంది. ఆ అరవై ఆరు ఎక్కడికి పోయిందని తెలివైన బయ్యరు ఒకరోజు అడుగుతాడు. ఆ రోజు నా దగ్గర సమాధానం ఉండాలి, లేదా నా పేరు ఉండకూడదు.

రాజేంద్రన్ నాకు తెలియకుండా తంగాన్ని కూడా అడిగి చూశాడు. మధ్య రిపోర్టు లేనట్టుగా ఒక్క కాగితం చేసి ఇవ్వమన్నాడు. కొత్త తుండుకు కొత్త రిపోర్టు ఇస్తాను, పాతది జరగలేదని మాత్రం నా సంతకంతో రాయను అందట. ఆ మాట నాకు చెప్పి, మీ కులంవాళ్లా ఏంటి, ఇంత మొండి అన్నాడు. మా కులం కాదు, మా యంత్రం అన్నాను. అతనికి అర్థం కాలేదు.

సాయంత్రం పని దిగే ముందు అక్క నన్ను పిలిచింది. ఆడవాళ్లంతా వింటూ ఉండగానే అడిగింది.

“మూడు కాగితాలూ పంపుతుండావా, లేదా?”

“పంపితే ఆర్డరు పోనూ వచ్చు అక్కా.”

“పోతే పోతాది. కుళందైసామి మన గడప తొక్కడం నిలిపేసినాడు. ఆ మనిషి రంగులో తప్పు లేదు. తప్పు నా వేలిది. అట్లనే రాయి. పొన్నమ్మాళ్ పసుపు పెట్టింది అని పేరు పెట్టి రాయి.”

“జర్మనీవాడికి పసుపేంటికి పెడతారో తెలీదు అక్కా.”

“తెలీకపోతే చెప్పు. చావు బట్ట బిడ్డకు కప్పకూడదని పెడతాం. వాళ్లకు బిడ్డలు లేరా?”

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నా చిక్కు అక్కడ విడిపోయింది. మా అక్క నాకంటే పెద్ద వ్యాపారి అని నేను ఆ రోజు ఒప్పుకున్నాను. అది ఆమెకు మునుపే తెలుసు.

రిపోర్టులన్నీ పెట్టి, ఏ తుండులో ఏముందో, ఎలా వచ్చిందో, ఏం చేశామో రాసి పంపాను. అక్క చెప్పినట్టే ఆమె పేరుతో రాశాను. కలిపి చేసిన పరీక్ష పసిపిల్లల బట్టలకు పనికిరాదని, మా రంగులన్నిటికీ ఇకమీదట విడిగానే చేయిస్తామని చివర చేర్చాను. తపాలాలో వేశాక కుళందైసామి ఇంటికి వెళ్లి, గులాబి రిపోర్టు అతని చేతికిచ్చాను. చదవలేదు. గూట్లో దేవుడి పటం వెనక పెట్టి, మజ్జిగ తెమ్మని ఇంట్లోకి కేకేశాడు.

బయ్యరు నుంచి ఎంతకూ జవాబు లేదు. రాజేంద్రన్ రావడం మానేశాడు. మడత బల్లల మీద దుమ్ము పడకుండా అక్క రోజూ తుడిపించేది, పని ఉన్నట్టే. తర్వాత ఫ్యాక్సు వచ్చింది. పసుపు తగిలిన తెల్ల తుండ్లు ఎన్ని తీసేశారో రాసి, మిగిలినవి పంపమన్నాడు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. పిల్లల బట్టలు పంపే ప్రతివాడూ ఇకమీదట రంగు రంగుకూ విడి రిపోర్టు పెట్టాలని తనకు సరుకు తెచ్చే ఏజెంట్లందరికీ రాశానన్నాడు.

ఆ వాక్యం తిరుప్పూరులో నాకు పేరు తెచ్చింది. మంచిపేరని చెప్పను. ఖర్చు పెరిగిందని నన్ను తిట్టని ఎగుమతిదారు లేడు. బస్టాండులో ఒకడు ఇంకొకడికి నన్ను చూపించి ‘విడిలెక్క నాయుడు’ అన్నాడు. తిట్టనుకుని అన్నాడు. నా చెవికి మాత్రం మా నాన్న దగ్గర నేర్చిన పనికి పట్టం కట్టినట్టుంది. ఇప్పుడు నా కార్డు మీద వెంకటపతి అనే ఉంది, కానీ తిరుప్పూరులో ఆ పేరుతో అడిగితే ఎవరూ దారి చెప్పరు. రాజేంద్రన్ కూడా కొత్త బయ్యర్లకు ఆ పేరుతోనే నన్ను పరిచయం చేస్తాడు. అతనికి కమీషన్ పెరిగింది. మైసూరుపాకు మళ్లీ తెస్తున్నాడు.

అక్క పసుపు మానలేదు. మానమని నేను అడగలేదు. ఈరోడు నుంచి కొమ్ములు తెప్పించి షెడ్డు వెనకే దంచిస్తోంది. మొదటి తెల్ల తుండుకు ఇప్పటికీ బొటనవేలు అద్దుతుంది. ఆ తుండు మాత్రం జర్మనీకి పోదు. షెడ్డులో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఎవరికి బిడ్డ పుడితే వాళ్లకు పోతుంది. తంగానికి కొడుకు పుట్టినప్పుడు మదురైకి అక్కే స్వయంగా తీసుకుపోయింది. మాయాండి గారు ఆ తుండును వెలుగులో పట్టుకుని, పీచు సాగదీసి చూసి, మంచి దూదే అన్నాడట.

కొత్త పసుపు దంచినప్పుడల్లా రవ్వంత లేబరేటరీకి పోవాలి. అది కూడా అక్క పెట్టిన నియమమే. రిపోర్టు రాగానే చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

“ఏమని ఉండాది?”

“కనబడలేదని ఉండాది అక్కా.”

“లేదు అనా?”

“లేదని కాదు. యంత్రానికి కనబడేంత లేదని.”

“కింద ఆ చిన్న అంకె చదువు,” అంటుంది. చదువుతాను. అది విన్నాకే గిన్నెలో పసుపు తడుపుతుంది.